బిందె పరీక్షలో నెగ్గిన బూట్లు

మా చీపురుపల్లి రైలు గేటు పక్కన వానాకాలం రాగానే ఒక మడుగు కడుతుంది. అందులో ఒకసారి ఆటో దిగబడితే మళ్ళీ ఎండాకాలానికి గాని బయటపడలేదనీ, లోపల కూర్చున్న పాసింజర్లు దిగుతూనే చార్జీ గురించి డ్రైవరుతో దెబ్బలాడారనీ ఊళ్ళో చాలామందికి చెప్పింది నేనే. కాబట్టి ఆ మడుగు గురించి ఇప్పుడు చెప్పబోయేది కూడా అదే బాపతు అనుకుంటే మిమ్మల్ని నేనేమీ అనలేను. కానీ ఇది జరిగింది.

కిందటి శ్రావణమాసం. పొద్దున్నే కొట్టు తియ్యడానికి వెళ్తున్నాను. గేటు పడింది. గూడ్సు బండి తీరుబడిగా పోయాక గేటు లేచింది, అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒక్కసారే తోసుకొచ్చారు. వెనక నుంచి పాలక్యాన్ల మోటారు సైకిలు చెవిలో హారను కొట్టింది. పక్కకి తప్పుకున్నాను. తప్పుకున్న చోటు మడుగు. రెండు కాళ్ళూ అందులో పెట్టి నిలబడ్డాను. కొత్త బూట్లు. బురదనీళ్ళు వేళ్ళ సందుల్లోకి ఎప్పుడు పాకుతాయా అని పళ్ళు బిగపట్టాను. పాకలేదు. ఇంకాసేపు చూశాను. ఊహూఁ. వెనకవాళ్ళు తిడుతున్నా కదల్లేదు నేను. మడుగులో నిలబడి కాళ్ళకేసి చూసుకుంటున్న మనిషిని చూసి ఎవరో పాపం ఒంట్లో బాగాలేదనుకుని చెయ్యి కూడా అందించారు.

కొట్టుకి పోయి బూట్లు విప్పి సాక్సు పట్టుకు చూశాను. పొడి! రెండోది చూశాను. అదీ పొడే. ఇంటికి మధ్యాహ్నం భోజనానికెళ్ళి మా ఆవిడ చెయ్యి లాక్కుని సాక్సు మీద పెట్టించాను. ఆవిడ చెయ్యి విదిలించుకుని, "ఛీ, అన్నం ముద్ద కలిపీ చెయ్యి" అంది. అంతే. ఇంటిల్లిపాదిలో ఆశ్చర్యపోయింది నేనొక్కణ్ణే.

ఆ బూట్ల సంగతి కొంచెం చెప్పాలి. షుగరు వచ్చింది, రోజూ నడవమన్నాడు డాక్టరు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు పెద్ద షాపులో అమ్మే అతను ఇవి చూపించాడు. కొండలెక్కేవాళ్ళ బూట్లట. చీలమండ కిందికే ఆగిపోతాయి, పొడుగు బూట్లలా పిక్క దాకా రావు. కింద ట్రాక్టరు టైరుకున్నట్టు పళ్ళు. ముందు వేళ్ళ దగ్గర గట్టి రబ్బరు తొడుగు. లోపల కంటికి కనపడని పొర ఒకటి ఉంటుందనీ, అది నీళ్ళని లోపలికి రానివ్వదనీ, కాలి చెమట ఆవిరిని మాత్రం బయటికి వదులుతుందనీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. నా ముందా! కానీ ఆ మనిషి చెప్పిన తీరు నచ్చింది. ఎక్కడా తడబడకుండా, కళ్ళల్లోకి చూసి చెప్పాడు. ఆ పనితనానికి మెచ్చి కొన్నాను.

ఎండాకాలమంతా ఆ మెచ్చుకోలుకి అనుభవించాను. మాది బట్టల కొట్టు; పొందూరు ఖద్దరు, పంచెలు, చీరలు. లోపల తెల్ల పరుపు, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. అంటే బూట్లు బయటే. ఎవరింటికెళ్ళినా బయటే. గుళ్ళో బయటే. మన కాళ్ళు పొద్దుట్నించి సాయంత్రం దాకా చెప్పుల్లోంచి ఎన్నిసార్లు బయటికొస్తాయో లేసుల బూట్లు కొన్నవాడికే తెలుస్తుంది. శ్రీకూర్మం వెళ్ళిన రోజున నేను ముడి విప్పుకుంటూ ఉండగానే మా ఆవిడ దర్శనం చేసుకుని, తాబేళ్ళకి దండం పెట్టుకుని, ప్రసాదం తింటూ తిరిగొచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నారేటండీ? తాబేళ్ళే నయం" అంది. ఆవిరి బయటికి పోవడం సంగతి దేవుడెరుగు, వైశాఖంలో మాత్రం నా కాళ్ళు ఇడ్లీ పాత్రలో పెట్టినట్టు ఉండేవి. నడక మాత్రం బాగుంది, ఆ మాట కాదనను. అడుగు గట్టిగా పడేది. రాళ్ళ రోడ్డు మీద కూడా అరికాలికి ఏమీ తగిలేది కాదు. గొంతుక్కూర్చోవడానికీ, స్కూటరు మీద కాలు మడవడానికీ చీలమండ దగ్గర అడ్డం లేకపోవడం సుఖంగా ఉండేది.

అందుకే ఆ మడుగు నన్ను అంత కుదిపేసింది. అమ్మే అతను అబద్ధం చెప్పలేదు! ఆ విషయం తట్టుకోవడానికే నాకు ఒక పూట పట్టింది.

తర్వాతది ఇంకా పెద్ద దెబ్బ. ఈ నిజాన్ని ఎవరికి చెప్పినా నమ్మలేదు. పక్క కొట్టు మందుల షాపాయన సాంతం విని, "ఏ మడుగు? ఆటో దిగబడిన మడుగేనా?" అన్నాడు. టీ కొట్టు దగ్గర చెప్తే, తుపాను గాలికి మా కొట్టు బోర్డు ఎగిరిపోయి పొందూరు ప్లాట్‌ఫారం మీద దిగితే దానికి టికెట్టు లేదని రైల్వేవాళ్ళు పట్టుకున్నారన్న నా పాత కతని నాకే గుర్తుచేశారు. కతలకి అందరూ చెవులిచ్చారు ఇన్నాళ్ళూ. నిజానికి ఒక్కడూ ఇవ్వలేదు. ఇది నాకు మింగుడు పడలేదు.

ఒక చిన్న సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. భాద్రపదంలో ఒక సాయంత్రం స్కూటరు మీద జడివానలో చిక్కాను. వాన ప్యాంటు వెంబడి జారి, చీలమండ మీంచి తిన్నగా బూటులోకి దిగింది. పక్కల్నించి కాదు, పైనుంచి. చిన్న బూటు కదా, మూతి అక్కడే ఉంది. దిగిన నీళ్ళు మరి బయటికి పోలేదు. ఇంటికొచ్చి బూటు వంచితే చెంబులోంచి ఒంపినట్టు ఒంపాను. ఆరడానికి వారం దాకా పట్టింది. అది బూటు తప్పు కాదు, మూతి తప్పు. అందుకని చెప్పలేదు.

ఆ తర్వాతి నెలలో పలాస వెళ్ళాం, మా ఆవిడ పుట్టింటికి. ఆవిడ అన్నగారికి అక్కడ స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టుంది. నాకు బావ. నేనూ ఆయనకి బావనే. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయన కూతురికి సంబంధం కుదిరింది, నిశ్చితార్థం వారం రోజుల్లో ఉంది. పంచెలూ చీరలూ పట్టుకెళ్ళాం. రాత్రి భోజనాల దగ్గర నేను బూట్ల మాటెత్తాను. బావ పెరుగన్నం కలుపుతూ కలుపుతూ ఆపాడు.

"నీళ్ళు అసల్రావు?"

"రావు బావా."

"మడుగులో నిలబడితే?"

"నిలబడ్డాను. రానేదు."

"ఒరే నాయినా! మొన్న శ్రీకూర్మం తాబేలు నీ పంచి లాగి, పొందూరు నూలేనా అని అడిగిందన్నావు. ఇప్పుడు బూటు తడవదంతన్నావు. ఏది ముందు నమ్మమంతావు?"

అందరూ నవ్వారు. బావ భార్య, నాకు అక్క వరస, అప్ప అని పిలుస్తాను, నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మామూలుగా ఆ నవ్వుకే నేను బతుకుతాను. ఆ రాత్రి మాత్రం ఒళ్ళు మండింది.

"పందెం కడతావా?" అన్నాను.

బావ చెయ్యి కడుక్కునొచ్చి మరీ కూర్చుని షరతులు చెప్పాడు. రేపు మందస అవతల కొండ కింద ఉన్న తన జీడితోటకి పోవాలి. మధ్యలో గెడ్డ ఉంది, వానలకి పారుతోంది, దాన్ని దాటాలి. తోట మీంచి కొండెక్కి పెద్ద రాతిబండ దాకా పోయి దిగాలి. ఇంటికొచ్చి అందరి ముందూ సాక్సు పిండాలి.

"సుక్క రాకపోతే, నిశ్చితార్థం నాడు మొగపెళ్ళోరి ముందర నిలబడి, మా బావ సెప్పీదంతా నిజమేనని సెప్తాను. సుక్క వొచ్చిందో, ఆ రోజు నువ్వు నోరు కట్టుకోవాల. ఒక్క కత సెప్పకూడదు. బంతిలో కూకోవాల, తినాల, లేవాల."

మా రెండు కుటుంబాల్లో ఏ శుభకార్యమైనా విస్తళ్ళ ముందు నా కత ఉండాలి. కత లేకపోతే నేను ఆ బంతిలో ఎవణ్ణి? బట్టలు తెచ్చిన మనిషిని. అంతే. మా ఆవిడ నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. నేను ఒప్పేసుకున్నాను.

బూట్లు వీధి అరుగు మీద విప్పి పడుకున్నాను. తెల్లారి లేచి, ముందు వాటినే చూసుకుందామని వెళ్ళాను.

నా బూట్లు అరుగు మీద పరిచిన పేపరు మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. వాటి నిండా నీళ్ళు. నిండా అంటే, లేసులు కట్టుకునే సగం దాకా. ఎడం బూటులో ఒక గండుచీమ ఈత కొడుతోంది. పక్కనే బావ గొంతుక్కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"సూడు బావా! రాత్రి నింపాను. పేపరు సూడు, ఏటీ అవనేదు! ఒక్క సుక్క కారనేదు. నువ్వు సెప్పింది నిజమే!"

నేను గుమ్మం పట్టుకున్నాను.

"ఏటి సేశావు బావా?"

"పరీచ్ఛ సేశాను."

అది బావ కొట్టు పద్ధతి. చిల్లుపడ్డ బిందె మాటు వేయించుకోవడానికి ఎవరైనా తెస్తే, మాటు వేశాక రాత్రి అంచు దాకా నింపి పేపరు మీద పెడతాడు. పొద్దున పేపరు పొడిగా ఉంటేనే బిందె ఇంటివాళ్ళ చేతికి వెళ్తుంది. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ అంతే. పలాసలో ఆ పేపరు మాట మీద పెళ్ళి సారెలు కొన్నవాళ్ళున్నారు. పాపం, ఆయన నన్ను నమ్మాలనే, మనస్ఫూర్తిగా నమ్మాలనే, తన దగ్గరున్న ఒకే ఒక్క న్యాయమైన పరీక్ష పెట్టాడు.

"నీళ్ళు బయట్నించి లోపలికి రాకూడదు బావా! లోపల పోస్తే ఎలగ?"

"లోపలికి రానివ్వంది బయటికి మాత్రం ఎలగ పోనిస్తాది? మాటు ఎటునుంచి సూసినా మాటే గదా."

నిజానికి బూటు ఆయన్నే సమర్థించింది. రాత్రంతా ఒక్క బొట్టు వదల్లేదు. అంత గొప్ప బూటు నాది అని పొంగిపోవాలో, దాని లోపలి మెత్తలన్నీ నీళ్ళు తాగి ఉబ్బిపోయినందుకు ఏడవాలో తెలీక, వంచి పారబోశాను. పారబోస్తుంటే ఒక ముసలమ్మ వీధిలో పోతూ ఆగి, "బూట్లతో నీళ్ళేటి నాయినా, సెంబుల్నేవా?" అంది. స్టీలు కొట్టువాళ్ళ ఇంటి ముందు!

పేపరు ఉండలు కుక్కాం. తడిసినవి తీసి మళ్ళీ కుక్కాం. ఫ్యాను కింద పెట్టాం. అప్ప పొయ్యి గట్టు మీద పెడతానంది.

"వద్దప్పా, జిగురు ఊడిపోతాది."

"మరైతే ఎండేదీ తమ్ముడా? మబ్బుగా ఉన్నాది."

ఎంత చేసినా వేలు పెట్టి నొక్కితే లోపల మెత్తలోంచి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. బయటి నుంచి చూస్తే మాత్రం దుమ్ము కూడా పడని పొడి బూటు. నీళ్ళకి దారే లేదు, ఎటు పోతాయి?

"ఇంక పందెం నేదు" అన్నాను నేను.

"ఎందుకు నేదు? పందెం సాక్సుది. బూటుది కాదు" అన్నాడు బావ.

"నువ్వే గదా తడిపావు!"

"తడిపితే? సాక్సు తడిసిందా, నేదా? అదే గదా మాట." తర్వాత జాలి పడ్డాడు. కొట్లోకి పోయి, కొత్త స్టీలు గిన్నెలు చుట్టి వచ్చే పాలిథిన్ సంచులు తెచ్చాడు. "పొడి సాక్సు తొడుక్కో. దాని మీద ఈ సంచి. దాని మీద బూటు. బూటులో తడి నీకంటదు. న్యాయమేనా?"

న్యాయంగానే కనిపించింది. మా ఆవిడ మాత్రం, "మానేయండి. ఒక్క పూట మాటాడకపోతే ఏటైపోద్ది?" అంది.

"ఆ పూట మాటాడకపోతే నేనేటైపోతానో నీకు తెల్సు."

"తెల్సు గనకే మానేయమంతన్నాను. నడుం ఇరగ్గొట్టుకునొచ్చి, అక్కడ మాటాడకుండా కూకుంటే అప్పుడు రెండూ పోతాయి."

బయల్దేరాం. నాకు సంచులు, బావకి రబ్బరు హవాయి చెప్పులు. అడుగేస్తే నా బూట్లలోంచి పాత మంచం మీద ఎవరో పొర్లుతున్నట్టు చప్పుడు. మందస దాటి, మోటారు సైకిలు దిగి, తోట బాట పట్టేసరికి ఆ చప్పుడుకి బావ ఆగి ఆగి నవ్వాడు. ఆ నవ్వు ఎర్రమట్టి బురద దాకానే. బురద రాగానే ఆయన చెప్పుని మట్టి పట్టేసుకుంది. కాలు లాగితే పట్టీ ఊడొచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. నా బూట్ల పళ్ళు మాత్రం బురదని కరిచిపట్టి, నన్ను ఒక్క వేలంత కూడా జారనివ్వలేదు. చరియ ఎక్కుతుంటే ముల్లు చూసుకోనక్కర్లేదు, రాయి చూసుకోనక్కర్లేదు. ఒక రాయికి కాలు గట్టిగా కొట్టుకుంది. రబ్బరు తొడుగు టక్కుమంది, వేలికి ఏమీ తెలీలేదు. నాకు నిజంగానే మతిపోయింది. ఇన్నాళ్ళూ దీన్ని రైలు గేటు దగ్గర తిప్పుతూ ఉన్నానా!

గెడ్డ దగ్గర బుద్ధి పనిచేసింది. మూతి రహస్యం నాకు తెలుసు కదా. లోతున్న చోట దిగితే పైనుంచి వచ్చేస్తాయి. అందుకని పైకి నడిచి, వెడల్పుగా, పల్చగా పారుతున్న చోటు చూసుకున్నాను.

"ఏటి బావా, పెళ్ళికూతురిలాగ అడుగులు సూసుకుంతన్నావు? దిగిపోరాదేటి?" అని బావ వెనక నుంచి.

దిగాను. నీళ్ళు బూటు పక్కల్ని తోసుకుంటూ పోతున్నాయి, మూతికి చిటికెన వేలంత కింద. లోపలికి రాలేదు. ఇసకలో, గులకరాళ్ళ మీద అడుగు కదల్లేదు. మధ్యకి వచ్చాక నల్లటి నున్నటి బండ ఒకటి అడ్డం వచ్చింది, మీద పచ్చగా నాచు. టైరు పళ్ళు కదా అన్న ధీమాతో కాలు పెట్టాను. అంతే! సబ్బు మీద వేసినట్టు పోయింది. రెండు చేతులూ బండ మీద ఆనించి నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాను. నాచు దగ్గర ఆ టైరు పళ్ళన్నీ పెట్టుడు పళ్ళే. నన్ను చూసి బావ పగలబడి నవ్వాడు, నవ్వుతూ అదే బండ మీద కాలేశాడు, పీట మీద కూర్చున్నట్టు బండ పక్క గుంటలో కూర్చున్నాడు. నడుం దాకా నీళ్ళు. చేతిలో చెప్పులు మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు, తడవకుండా.

"పొడిగున్నావా?" అన్నాడు కింద నుంచి.

"పొడిగున్నాను."

"ఓర్నాయినో" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి భయం వినిపించింది నాకు.

రాతిబండ దాకా ఎక్కాం. దిగేటప్పుడు జీడి వేరు మీద పాదం పక్కకి మడతపడింది. పొడుగు బూటైతే చీలమండని పట్టుకునేదేమో, ఇది వదిలేసింది. కళ్ళ ముందు నక్షత్రాలు కనపడ్డాయి. కుంటుకుంటూనే దిగాను. అయినా లోపల సంబరంగా ఉంది. కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. గెడ్డనీరు చల్లన కదా, వెచ్చగా ఉందంటే నీరు రానట్టే. వేళ్ళ మధ్య కొంచెం జారుజారుగా ఉంది, అది పాలిథిన్ నునుపు అనుకున్నాను. నిశ్చితార్థం నాడు ఏ కత చెప్పాలా అని దారంతా ఏరుకుంటూ వచ్చాను.

ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. అప్ప, మా ఆవిడ, తడిసి ముద్దయిన బావ, పందేనికి పెద్దమనుషుల్లా పక్కింటివాళ్ళు. నేను లేసులు విప్పాను. బూటు తీశాను. సంచి మీద బూటులోని తడి తప్ప ఏమీ లేదు, ఎక్కడా చిరగలేదు. "సూడండి" అన్నాను గర్వంగా. సంచి లాగాను.

లోపలి నుంచి ఆవిరొచ్చింది. కుండ మూత తీసినట్టు.

సాక్సు నల్లబడి కాలికి అంటుకుపోయి ఉంది. మా ఆవిడ దాన్ని వేలి చివర్లతో లాగి, ఎత్తి, పిండింది. చుక్క. ఇంకో చుక్క. తర్వాత ధార. నేను ఆ ధార కేసి అలా చూస్తూనే ఉన్నాను. ఎక్కణ్ణుంచి? గెడ్డ రాలేదు, బూటు తడి రాలేదు, వాన లేదు. మరి ఎక్కణ్ణుంచి?

బావ దగ్గరికి వంగి వాసన చూసి, ముఖం చిట్లించి వెనక్కి జరిగాడు.

"ఇది మా గెడ్డ నీరు కాదు" అన్నాడు. "ఇది మా బావదే."

అప్పటికి తెలిసింది. ఆ బూటు పొర ఆవిరిని వదుల్తుందో లేదో, పాలిథిన్ మాత్రం వదల్దు. నా చెమటలో నేనే పూర్తిగా నానిపోయాను. నీళ్ళేవీ రాకుండా ఇంత కాపలా కాస్తే ఓడించింది నా ఒళ్ళే. "ఓలమ్మో, ఇంత సెవటేటి తమ్ముడా!" అని అప్ప ముక్కు మీద వేలేసుకుంది. మా ఆవిడ సాక్సు తాడు మీద ఆరేసి, "సరే. నోరు కట్టీండి" అంది.

నిశ్చితార్థం రోజున తాంబూలాలు మార్చుకున్నాక భోజనాలకి కూర్చున్నాం. మగపెళ్ళివారు నరసన్నపేట నుంచి వచ్చారు, నన్ను ఎప్పుడూ చూసినవాళ్ళు కాదు. మా వైపు వాళ్ళు మాత్రం అలవాటుగా నా ఎదురు విస్తళ్ళు పట్టుకుని, నాకేసి తిరిగి కూర్చున్నారు. నేను తల వంచుకుని పప్పు కలుపుకున్నాను. గొంతులో కతలు పైకొచ్చి కొట్టుకుంటున్నాయి. బంతి మొత్తం నిశ్శబ్దం. వడ్డించేవాళ్ళ గరిటెలు తప్ప ఏమీ వినపడటం లేదు. ఆ నిశ్శబ్దాన్ని బావ భరించలేకపోయాడు. కొత్త వియ్యంకుల ముందు తన ఇంటి బంతి ఇంత చప్పగా ఉండటం ఆయనకి చిన్నతనం అనిపించినట్టుంది. మెల్లిగా మొదలెట్టాడు.

"మా బావ బూట్లున్నాయి సూడండి..."

నేను ముద్ద ఆపేశాను. మొదట్లో అంతా నిజమే చెప్పాడు. రాత్రి నీళ్ళు నింపడం, పేపరు తడవకపోవడం. ఎవరో నవ్వారు. ఆ నవ్వు తగిలిందంతే, మనిషి మారిపోయాడు. ఒక బూటులో బిందెడు నీళ్ళు పట్టాయన్నాడు. గండుచీమ చేప అయింది. గెడ్డ పొంగి జీడికొమ్మల దాకా వచ్చిందన్నాడు, అందులోంచి నేను నీళ్ళ మీద నడిచినట్టు నడిచిపోయానన్నాడు, అంతటితో ఆగక, కొట్టుకుపోతున్న తనని నేను భుజాన వేసుకుని గట్టుకి చేర్చానన్నాడు! గెడ్డలో కూర్చుని చెప్పులు పైకెత్తిన మనిషి! నా చెవులు నమ్మలేకపోయాను. నా కళ్ళ ముందు, నా కతని, నన్ను అడక్కుండా, ఇంత అధ్వాన్నంగా చెప్తున్నారు. చేప దగ్గర ఆగాలి. చేప తర్వాత ఊపిరి తీసుకోవాలి, వినేవాడికి నమ్మడానికి కాస్త చోటివ్వాలి. ఈయన ఇవ్వలేదు. నవ్వులు ఆగిపోయాయి. మగపెళ్ళివారు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్ప చేతిలో నేతిగిన్నె అలాగే ఉండిపోయింది.

పెళ్ళికొడుకు తండ్రి నెమ్మదైన మనిషి. బావ కేసి చూడకుండా నాకేసి తిరిగాడు.

"తవర్ని పొద్దుట్నించీ సూస్తన్నాను బాబూ. ఒక్క మాట ఎక్కువాడనేదు. మాటకి విలువిచ్చే మనిసని తెలస్తాది. తవరు సెప్పండి. ఇది నిజమేనా?"

నా చేతిలో ముద్ద విస్తట్లో పడింది. మాటకి విలువిచ్చే మనిషి! మా వైపు బంతిలో ఒకాయనకి పొలమారింది. బావ ముఖం నెత్తురు లేకుండా పాలిపోయింది. ఇప్పుడు నేను కాదంటే, తన కూతుర్ని ఇవ్వబోయే ఇంటివాళ్ళ ముందు ఆయన నోటికి ఇక విలువుండదు. రేపు ఆ పిల్ల గురించి ఏం చెప్పినా, ఇల్లు గురించి ఏం చెప్పినా, బూటులో చేపలాగే వింటారు. అది ఎలా ఉంటుందో ఈ జిల్లాల్లో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

పందెం కత చెప్పొద్దన్నదే గానీ, అడిగినదానికి జవాబివ్వొద్దనలేదు.

"నిజమే" అన్నాను.

పెళ్ళికొడుకు తండ్రి తల ఊపాడు. పక్కనున్న ఆయన తమ్ముడూ ఊపాడు. ఆ వరసంతా, చివరి పెద్దాయన దాకా, గాలికి చేను ఊగినట్టు తలలూపింది. నమ్మేశారు! మొత్తం. చేపతో సహా. ఇన్నేళ్ళు గొంతు చించుకుని, చేతులు తిప్పి, కళ్ళు ఉరిమి చెప్పిన ఏ కతకీ రానిది, ఒక్క ముక్కకి వచ్చింది. నాకు చెమటలు పట్టాయి.

"భుజాన ఏసుకున్నది కూడానా?" అని అడిగాడాయన, కొంచెం ముందుకి వంగి.

నేను బావని ఒకసారి పైనుంచి కిందికి చూశాను. మంచి దుక్కలాంటి మనిషి. ఆయన నాకేసి చూసే చూపులో దండం ఉంది.

"మనిషి బరువే" అన్నాను.

పెళ్ళికొడుకు తండ్రి నిట్టూర్చి, వడ్డించే మనిషిని కేకేసి, ముందు నా విస్తట్లో ఇంకో బూరె వెయ్యమన్నాడు.